లాగ్‌బుక్కులో ఇరవై రెండు డిగ్రీలు

బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకోవడానికి బద్ధకించి నేను ఒక మంచి మనిషిని ఆయన పనిలోంచి వెళ్లగొట్టాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే కొన్నాళ్లకు అదే అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు సరికదా, నా వయసుతో పాటు అదీ ముదిరింది.

ఎనభైల తొలి ఏళ్ల సంగతి. కంచన్‌బాగ్ వైపు వెళ్లే రోడ్డు మీద ఒక సర్కారు కంప్యూటర్ సెంటర్ ఉండేది. వేరే ఆఫీసుల జీతాల బిల్లులు, పరీక్షల మార్కులు, గోదాముల జాబితాలు అక్కడికి వచ్చేవి. మేము వాటిని యంత్రం మీద నడిపి, కాగితాల కట్టలు చేసి పంపేవాళ్లం. నేను అందులో ఆపరేటర్‌ని. మా ఇల్లు దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో. మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాలు సరిచేసే పని. ఆ గల్లీ నుంచి కంప్యూటర్ పనికి వెళ్లినవాణ్ని నేనొక్కణ్నే. అందుకని ఎండాకాలంలో కూడా నల్ల తోలు బూట్లు తొడుక్కుని వెళ్లేవాణ్ని. చెప్పులేసుకుని వెళ్తే అది కంప్యూటర్ ఉద్యోగం ఎలా అవుతుందని నా ఉద్దేశం.

పనులు ఆలస్యమవుతున్నాయని ఆఫీసుల నుంచి ఫిర్యాదులు రావడం మొదలైంది. మా ఆఫీసర్ కృష్ణా జిల్లా వైపు మనిషి, పద్ధతి గల మనిషి. ఎందుకు ఆలస్యమవుతోందో ఊహించి లాభం లేదు, రాసి పెట్టి చూడాలన్నాడు. పొడుగాటి రిజిస్టరు ఒకటి తెప్పించి, దానికి గళ్లు గీయించాడు. గంటగంటకూ ఆపరేటరు యంత్రం గదిలోకి వెళ్లి నాలుగు సంగతులు చూసి రాయాలి. గదిలో వేడి ఎంత, తేమ ఎంత, ఎన్ని పనులు వరుసలో ఆగి ఉన్నాయి, టేపులు చదవడంలో యంత్రం ఎన్నిసార్లు తడబడింది. ఆ తడబాటే అసలు రోగం. టేపు చదవలేకపోయినప్పుడల్లా, టైప్‌రైటర్ లాంటి కన్సోల్ టకటకమని ఒక వరుస కొట్టేది. ఎక్కువసార్లు కొడితే ఆ పని మళ్లీ మొదటినుంచీ నడపాలి. గది వేడెక్కితే టేపులు మొరాయిస్తాయని మాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు. గది ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉండాలి.

చూసి రాయడానికి రెండు నిమిషాలు చాలు. కానీ దుమ్ము పోకూడదని ఆ గదిలోకి బూట్లతో వెళ్లనిచ్చేవారు కాదు. గుమ్మం దగ్గర విప్పి, అక్కడున్న రబ్బరు చెప్పులు తొడుక్కోవాలి. బయటికొచ్చి మళ్లీ బూట్లు. నా బూట్లకు ఒక్కో కాలికి ఆరు జతల కన్నాలు. టేపు ఎక్కించి పని పెట్టి రావడానికి ఎలాగూ వెళ్లేవాణ్ని, అది తప్పదు. పని పెట్టాక అది నడుస్తున్నంతసేపూ పక్కనున్న గదిలో, అంకెలను అట్టకార్డుల మీద కన్నాలుగా కొట్టేచోట, కూర్చునేవాణ్ని. అక్కడ చలి లేదు, చాయ్ ఉంది, రేడియోలో క్రికెట్ ఉంది. మొదటి రెండు వారాలు గంట కొట్టగానే లేచాను. మూడో వారం ఒక గంట తప్పింది. పక్క గళ్లు చూసి అందులోనూ ఇరవై రెండని రాసేశాను. ఏమీ కాలేదు. ఇంకేం, ఇల్లు అలకగానే పండగనుకున్నాను.

నెల తిరక్కుండా షిఫ్టు చివర పది నిమిషాల్లో పేజీ అంతా ఒక్కసారే నింపడం నేర్చుకున్నాను. అందులో నా తెలివి చూడాలి. ఒకే పెన్నుతో రాస్తే దొరికిపోతామని రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి నలుపు. అన్ని గళ్లలోనూ ఇరవై రెండు ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒక ఇరవై మూడు, ఒక ఇరవై ఒకటి. తడబాట్ల గడిలో సున్నాలు, అప్పుడప్పుడూ దిష్టిచుక్క పెట్టినట్టు ఒక ఒకటి. కన్సోల్ కొట్టిన కాగితం చూసి లెక్కపెట్టి రాయాలి. నేనది చుట్టచుట్టి ఇంటికి తీసుకెళ్లేవాణ్ని. ఒకవైపు తెల్లగా ఉండే మంచి కాగితం. అమ్మ దాన్ని కిరాణా కొట్టుకు ఇచ్చేది, కొట్టువాడు పొట్లాలు కట్టేవాడు. పాత కన్సోల్ కాగితం దాచిపెట్టే ఆచారం మా సెంటర్‌లో లేదు. బుక్కు ఉందిగా, అదెందుకు అనేవారు.

మధ్యాహ్నం షిఫ్టు ఆపరేటరు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మలక్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆయన భార్య ఆసుపత్రిలో ఆయా, ఆమెకు పొద్దుటి డ్యూటీ. వంటా పిల్లల బడీ ఆయన చూసుకుని రెండింటికి వచ్చేవాడు. అందుకని ఎప్పుడూ ఆయనకు మధ్యాహ్నమే, నాకెప్పుడూ పొద్దున్నే. ప్రతి ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా లాంటిదే రోజూ వేసుకొచ్చేవాడు. యంత్రం గదిలోకి వెళ్లేముందు గుమ్మం తాకి కళ్లకద్దుకునేవాడు. "గిదేందన్నా, చర్చా ఇది?" అని నేను ఏడిపించేవాణ్ని. "అన్నం వెట్టేది గదా తమ్మీ" అనేవాడు.

అన్న గంటగంటకూ వెళ్లి, కళ్లజోడు పైకెత్తి, పాదరసం గీత చూసి, చూసింది రాసేవాడు. ఇరవై మూడు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. మళ్లీ ఇరవై రెండు. తడబాట్లు మూడు, ఏడు, సున్నా, తొమ్మిది. ఆయన పేజీలో అంకెలు మేకల మందలా చెల్లాచెదురుగా ఉండేవి. నాది పెళ్లి పందిరి.

ఒకరోజు ఆఫీసర్ నన్ను పిలిచి, "నీ పేజీలు చూడముచ్చటగా ఉన్నాయయ్యా. ఇలా ఉండాలి రికార్డు" అన్నాడు. ఆరు నెలల బుక్కులను కార్డుల మీద కొట్టించి, టేపు మీదికి ఎక్కించే పని నాకే అప్పజెప్పాడు. ఇక మీదట ప్రతి నెలా అంకెలు టేపులో దాచాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూడొచ్చు. ఆయన ఉద్దేశం గొప్పదే. మిగతా సెంటర్లలో ఎవరూ అప్పటికి ఆ పని చేయలేదని చెప్పేవాడు. నా అబద్ధాలన్నిటినీ నేనే దగ్గరుండి కార్డుల మీద కొట్టించాను, నేనే సరిచూశాను, నేనే టేపు మీద భద్రంగా ఎక్కించాను. సరిచూడటమంటే బుక్కులో ఉన్నదీ కార్డులో ఉన్నదీ ఒకటేనా అని. ఒక్క తప్పు లేదు.

ఆ టేపు మీంచి యంత్రం ఒక బొమ్మ అచ్చు కొట్టింది. వెడల్పాటి కాగితం మీద చుక్కలు చుక్కలుగా రెండు గీతలు. పొద్దుటి షిఫ్టు గీత సాఫుగా ఉంది. మధ్యాహ్నం షిఫ్టు గీత గుట్టలూ లోయలూ. దాన్ని చూసినప్పుడు నాకు భయం వేయాల్సింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నాకు గర్వమే కలిగింది. నా చేత్తో రాసినప్పుడు అబద్ధమని తెలిసిన అంకెలే, యంత్రం అచ్చు కొట్టి ఇస్తే నిజమేమో అనిపించాయి.

మరుసటి రోజు రెండింటికి, షిఫ్టులు మారే వేళ, ఆఫీసర్ ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. బొమ్మ బల్ల మీద పరిచాడు.

"అదే గది, అదే మిషన్, అవే టేపులు. మీ షిఫ్టులోనే ఎందుకొస్తున్నాయండీ ఇన్ని ఎర్రర్లు?" అని అన్నను అడిగాడు.

"ఎర్క లేదు సార్. వచ్చినయి రాస్తున్న."

"తలుపు తెరిచిపెడుతున్నారా?"

"లేదు సార్. ఎన్నడు తెర్వలే."

ఆఫీసర్ బొమ్మను పక్కకు జరిపాడు. తర్వాత, కోపంగా కాదు, డాక్టరు అడిగినట్టే, "ఏదీ, మీ చేతులు చూపించండి" అన్నాడు.

అన్న రెండు చేతులూ చాపాడు. ఆరోజు దారిలో సైకిల్ చైన్ ఊడింది. కడుక్కునే వచ్చాడు, కానీ గోళ్ల చుట్టూ నల్లటి గీత ఉండిపోయింది. ఆఫీసర్ నా చేతుల వైపు చూశాడు. నన్ను అడక్కుండానే నా చేతులూ చాపాను. శుభ్రంగా ఉన్నాయి. ఇప్పటికీ నన్ను నిద్ర లేపే సంగతి అదే, ఎవరూ అడక్కుండా నేను చేతులు చాపడం.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా, అన్న చాయ్ తాగడానికి బయటికి వచ్చేదాకా గేటు దగ్గర తచ్చాడాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు. చెప్పేద్దామనే ఆగానని అనుకోవడం నాకిష్టం. ఆయనే వచ్చి మెల్లగా అడిగాడు.

"తమ్మీ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నీ షిఫ్ట్‌ల గూడ అప్పుడప్పుడు పాదరసం పైకి పోతదా? ఏసీ మిషన్ ఒకటి మధ్యల బందైనట్టు అనిపిస్తది నాకు. నువ్వెన్నడన్న చూసినవా?"

నిజం చెప్పడానికి తలుపు అంత బార్లా తెరిచిపెట్టాడు మహానుభావుడు. 'నేను అసలు చూడనే లేదన్నా' అంటే చాలు. అన్నం తినే నోటికి ఆ మాట ఎలా వచ్చిందో, "లేదన్నా. నా షిఫ్ట్‌ల మంచిగనే ఉంటది" అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే నాతోనే ఉంది ఏదో. నువ్వు రాస్తున్నవ్ గదా గంటగంటకు" అన్నాడు.

నన్ను అనుమానిస్తాడనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా వారం రోజులు ఆయన ముఖం చూడలేదు. ఆయన అనుమానించింది నన్ను కాదు, తన చేతుల్ని. చూడనిది రాయవచ్చునన్న ఆలోచనే ఆ మనిషికి తట్టలేదనుకున్నాను. బుక్కులో ఉందంటే ఎవరో లేచి వెళ్లి, కళ్లతో చూసి రాశారనే. ఇంటి నుంచి సబ్బు తెచ్చుకున్నాడు. ప్రతి టేపు ఎక్కించే ముందూ కడుక్కునేవాడు, తెల్లగుడ్డతో తుడుచుకునేవాడు. సైకిల్ మానేసి బస్సులో రావడం మొదలుపెట్టాడు. చలికాలానికి ఆయన వేళ్ల మధ్య తోలు పగిలింది. అయినా ఆయన పేజీలో ఇరవై ఎనిమిదులు ఆగలేదు, తొమ్మిదులు ఆగలేదు. ఆయన వాటిని అలాగే రాసేవాడు, తన మీదే తను పితూరీ రాసుకుంటున్నట్టు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మ కొట్టు నుంచి శనగపప్పు తెచ్చింది. పప్పు డబ్బాలో పోసి పొట్లం కాగితం పక్కన పెట్టింది. చూస్తే అది మా కన్సోల్ కాగితమే. టైము పొద్దున పదకొండు దాటింది, టేపు చదవలేదు, చదవలేదు, చదవలేదు అని వరుసగా ఎనిమిది వరుసలు. నా షిఫ్టు. తారీఖు కూడా ఉంది. మర్నాడు వెళ్లి బుక్కులో ఆ పేజీ తిప్పి చూశాను. పదకొండుకూ సున్నా, పన్నెండుకూ సున్నా, నల్లపెన్నుతో.

ఆ కాగితం ఆఫీసర్ బల్ల మీద పెడితే అన్న ఒడ్డున పడేవాడు. నేను మునిగేవాణ్ని. ఉద్యోగం కూడా పోకపోవచ్చు, ఒక మెమో ఇచ్చేవారేమో. కానీ గల్లీలో బాపు తల ఎలా ఎత్తుకుంటాడని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. నిజానికి బాపు సంగతి నాకు ఆ నిమిషం దాకా గుర్తే లేదు. కాగితాన్ని ముక్కలు ముక్కలు చేసి మురుగు మోరీలో పడేశాను. "ఏందిరా, మంచి కాయితం గట్ల చింపుతవ్?" అని అమ్మ కసిరింది. అప్పట్నుంచి కన్సోల్ కాగితం ఇంటికి తేలేదు. ఆఫీసులోనే చింపి పారేశాను.

కొన్నాళ్లకు అన్నే ఆఫీసర్ దగ్గరికి వెళ్లాడు. ఎవరూ పొమ్మనలేదు. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ ఉంది, వరుస ప్రకారం అది ఆయనదే. అది వద్దని, తనను స్టోర్స్‌కు వేయమని రాసిచ్చాడు. నాతో చెప్పేటప్పుడు నవ్వడానికి ప్రయత్నించాడు.

"నా చేతులల్ల ఏదో ఉంది తమ్మీ. కొందరికి మొక్క నాటితె బతకదు సూడు, గట్ల. మిషన్‌ను పరేశాన్ చేసుడు ఎందుకని నేనే తప్పుకున్న."

స్టోర్స్ అంటే వెనక రేకుల షెడ్డు. ఖాళీ కాగితాల పెట్టెలు, రిబ్బన్లు, కార్డుల అట్టడబ్బాలు. యంత్రం చప్పుడు అక్కడికి వినిపించదు. సూపర్‌వైజర్ పోస్టు ఎవరికి వచ్చిందని అడగొద్దు. నాకే వచ్చింది.

కొత్త మనిషి దొరికేదాకా మధ్యాహ్నం షిఫ్టూ నన్నే చూడమన్నారు. మొదటి రోజు నిజాయితీగా గంటగంటకూ వెళ్లాను. మూడింటికి ఇరవై రెండు, నాలుగింటికి ఇరవై ఏడు. రెండు ఏసీ మిషన్లలో ఒకటి దానంతటదే ఆగి, గంట తర్వాత దానంతటదే మొదలైంది. రెండోది మోగుతూనే ఉండటం వల్ల చప్పుడులో తేడా తెలియదు. తర్వాత పొద్దుటిపూట కూడా చూశాను. పదిన్నరకు అదే కథ. పెన్ను పట్టుకుని ఆ గళ్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇరవై ఏడు రాస్తే, అన్న చేతులు పోయినా వేడి ఎందుకు పోలేదని అడుగుతారు. పొద్దుటి బొమ్మ తీస్తారు. ఇరవై రెండు రాశాను.

నెలాఖరున టేపు మీంచి కొత్త బొమ్మ వచ్చింది. మధ్యాహ్నం గీత కూడా సాఫుగా ఉంది. ఆఫీసర్ దాన్ని గోడకు అంటించి, "చూశారా, డేటా ఉంటే ఇదీ లాభం" అని అందరికీ చూపించాడు. పనులు మాత్రం అప్పట్లాగే ఆలస్యమయ్యేవి. టేపులు పాతబడ్డాయని నేనే చెప్పాను, నమ్మారు. ఒక మనిషి పరువు తీసి అంటించిన ఆ గోడ పక్కనుంచి రోజూ నడిచి వెళ్లాను.

మరుసటి ఎండాకాలం ఆ ఏసీ మిషన్ పూర్తిగా చచ్చిపోయింది. యాకుత్‌పురా నుంచి వచ్చిన ముసలి మెకానిక్ దాన్ని విప్పి, కాలిపోయిన స్విచ్చు ఒకటి బయటికి తీసి, "యే తో బహుత్ దినోంసే ఐసాచ్ హై సాబ్. రోజ్ దో తీన్ బార్ బంద్ హోతా హోయింగా" అన్నాడు. చాలా కాలం నుంచీ ఇంతే, రోజుకు రెండు మూడుసార్లు ఆగిపోతూ ఉండి ఉంటుందని. ఆఫీసర్ నా వైపు చూసి, "ఇన్ని నెలలుగా మన బుక్కులో ఎక్కడా లేదే?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే, "ఊరికే గొప్పలు పోతున్నాడులే" అని వెళ్లిపోయాడు. బుక్కుకు అంత విలువ.

ఆ మధ్యాహ్నం భోజనం వేళ స్టోర్స్‌కు వెళ్లాను. అన్న పెట్టెల మీద కూర్చుని, అన్నం డబ్బా విప్పుకుని తింటున్నాడు. అంతా చెప్పేద్దామనే వెళ్లాను. సగమే వచ్చింది.

"అన్నా, ఏసీ మిషన్ల స్విచ్చు కాలిందట. మస్తు రోజుల సంది గట్లనే బందైతుందట. నీ చేతులది ఏం లేదు."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "నిజమా తమ్మీ?" అన్నాడు. రెండుసార్లు అడిగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాసేపటికి నాకు రావాల్సిన ప్రశ్న వచ్చింది. నిలదీయడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు.

"మరి నీ షిఫ్ట్‌ల ఎట్ల రాలే?"

"పొద్దుగాల చల్లగుంటది గదన్నా. ఎండ తక్కువ" అన్నాను.

"అవు గదా. గది నాకు తట్టనే లేదు" అన్నాడు.

ఆ తర్వాత జేబులోంచి స్టోర్స్ చీటీ ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "గిదే మాట గిండ్ల రెండు ముక్కలు రాసియ్యి తమ్మీ. మా ఇంటామె గప్పటి సంది మొత్తుకుంటనే ఉంది, నీ చేతులల్ల ఏం లేదని. నేనే ఇనలే. గామెకు సూపెట్టాలె" అన్నాడు.

తప్పు ఏసీ మిషన్‌దేననీ, ఆయనది ఏమీ లేదనీ రాశాను. నేను రాసిన రాతల్లో నిజమైనవి ఆ రెండు వాక్యాలే. కింద పేరు పెట్టమన్నాడు. ఆ చీటీ ఇంట్లోంచి ఎక్కడికైనా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. "ఇంట్ల చూపెట్టనీకే గదన్నా, పేరెందుకు?" అన్నాను.

ఆయన సరేనన్నాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి తెల్లచొక్కా జేబులో దాచుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన డబ్బాలోంచి అన్నం సగం నాకు తీసి పెట్టాడు. "ఇన్ని దినాలల్ల నీ మీద గూడ ఒకసారి అనుమానమొచ్చింది తమ్మీ, దేవుడు మాఫ్ చెయ్యాలె. నువ్వు గూడ మనసుల వెట్టుకోకు" అన్నాడు.

"పర్వాలేదన్నా" అన్నాను నేను.